అరుపుల ఇన్‌చార్జి వెళ్ళిపోయాక రిపోర్టులు పెరిగాయి: భద్రత తగ్గినట్టా, పెరిగినట్టా?

రాత్రిషిఫ్ట్ రాశారు:

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నా గానీ నేను రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

నేను ఒక కెమికల్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ ఆపరేటర్ని. మా షిఫ్ట్‌కి ఆరేళ్ళపాటు ఒకాయనే ఇన్‌చార్జి. పని క్షుణ్ణంగా తెలిసిన మనిషి, అందులో సందేహం లేదు. పంపు చప్పుడు విని బేరింగ్ పోతోందని చెప్పేసేవారు. నోరే మంచిది కాదు. ఏదైనా తేడా వచ్చిందని చెప్పడానికి వెళితే ముందు చెప్పినవాడికే పడేది. "అప్పుడు నువ్వేం చేస్తున్నావు? నిద్రపోతున్నావా?" అని, అదీ అందరి ముందూ. దాంతో చిన్నవి మాలో మేమే సర్దుకునేవాళ్ళం, పెద్దవి మాత్రమే ఆయన దాకా తీసుకెళ్ళేవాళ్ళం. ఏది చిన్నది, ఏది పెద్దది అన్నది ఆ రోజు ఆయన మూడ్‌ని బట్టి ఉండేది.

నాలుగు నెలల క్రితం ఆయన వేరే సెక్షన్‌కి వెళ్ళారు, కొత్తాయన వచ్చారు. వచ్చిన మొదటి వారంలోనే మా హెల్పర్ ఒకతను శాంపిల్ తీసి డ్రెయిన్ వాల్వ్ పూర్తిగా మూయకుండా వచ్చేశాడు. పది నిమిషాలకు గుర్తొచ్చి, పరిగెత్తుకెళ్ళి మూశాడు. ఎవరూ చూడలేదు. అయినా వచ్చి చెప్పాడు. కొత్తాయన సంగతి తెలిసి చెప్పాడో, తెలియక చెప్పాడో! మేమంతా కళ్ళు స్క్రీన్ మీద, చెవులు అటు పెట్టి కూర్చున్నాం. ఆయన అడిగింది ఒక్కటే: "ఆ వాల్వ్ మూసి ఉందో తెరిచి ఉందో చూస్తే తెలుస్తుందా?" తెలియదు. హ్యాండిల్ విరిగి ఏడాదైంది, స్పానర్‌తో తిప్పుతున్నాం. సాయంత్రానికల్లా కొత్త హ్యాండిల్ వచ్చింది.

ఇక చూడండి, ఒకరి తర్వాత ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. నెలకు రెండో మూడో ఉండే నియర్ మిస్ (ప్రమాదం తృటిలో తప్పిన) రిపోర్టులు పోయిన నెల పందొమ్మిది. పైవాళ్ళేమో "కొత్త ఇన్‌చార్జి వచ్చాక ఈ షిఫ్ట్‌లో క్రమశిక్షణ పోయింది, గ్రాఫ్ చూస్తే తెలియట్లేదా" అంటున్నారట. వచ్చే వారం రివ్యూ ఉంది, ఆపరేటర్ల తరఫున నన్నూ రమ్మన్నారు. అక్కడ ఏం మాట్లాడాలి? లేకపోతే మేం అనుకుంటున్నదే తప్పా?

పాతఫోర్‌మన్ రాశారు:

తమ్ముడూ, నాది ముప్పై ఏళ్ళ మెయింటెనెన్స్ సర్వీసు. నచ్చని మాట చెబుతా, ఏమీ అనుకోకు. మీ పాతాయన లాంటివాళ్ళ దగ్గరే నేను పని నేర్చుకున్నా. ఒకసారి బెల్టు హుక్ తగిలించకుండా స్కాఫోల్డింగ్ ఎక్కితే మా ఫోర్‌మన్ కింద నుంచి వేసిన కేక ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ తర్వాత ఏనాడూ హుక్ లేకుండా పైకెక్కలేదు. ఇప్పుడేమో బతిమాలి చెప్పాల్సి వస్తోంది, అయినా వినరు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

ఇంకో సంగతి. మంట లేచినప్పుడు మీ కొత్తాయన అందర్నీ కూర్చోబెట్టి అభిప్రాయాలు అడుగుతాడా?

వెనకసీటు రాశారు:

ఫోర్‌మన్ గారూ, మీ మాటలో సగం ఒప్పుకుంటా. మిగతా సగానికి విమానాల వాళ్ళు చాలా ప్రాణాలు ఖర్చుపెట్టి జవాబు తెలుసుకున్నారు. నేను విమాన సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చే చోట పనిచేస్తా కాబట్టి ఈ కథలు మాకు రోజూ ఉండేవే.

1977 మార్చి 27, స్పెయిన్ వాళ్ళ టెనెరిఫే ద్వీపం. పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన కేఎల్‌ఎం కెప్టెన్ మామూలు పైలట్ కాదు, ఆ కంపెనీలో 747 పైలట్లకు ట్రైనింగ్ ఇచ్చే పెద్దాయన. అంతకు కాసేపటి ముందు ఆయన ఇంజన్ల జోరు పెంచే థ్రాటిల్ ముందుకు తోస్తే, ఇంకా క్లియరెన్స్ (టవర్ అనుమతి) రాలేదని కో-పైలట్ గుర్తుచేశాడు. "తెలుసు, అడుగు" అన్నాడు కెప్టెన్. రెండోసారి విమానం కదిలాక ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు, రెండో విమానం, అంటే పాన్ యామ్ వాళ్ళది, రన్‌వే మీద నుంచి ఇంకా తప్పుకోలేదా అని. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పేశాడు. ఇంజనీర్ మళ్ళీ అడగలేదు. మా క్లాసులో ఆ రికార్డింగ్ రాతప్రతి చదివించినప్పుడు అందరూ ఆగేది ఇక్కడే. ఆయన అడగకుండా లేడు. ఒకసారి అడిగాడు. ఎదురుగా ఉన్నది అంత పెద్ద మనిషి కాబట్టి రెండోసారి నోరు పెగల్లేదు.

మరుసటి ఏడాది డిసెంబర్ 28న పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173. చక్రాల దగ్గర ఏదో తేడా ఉందని కెప్టెన్ గంటసేపు గాల్లోనే తిప్పాడు. ఇంధనం తగ్గిపోతోందని పక్కవాళ్ళు చెబుతూనే ఉన్నారు గానీ, "ఇప్పుడే దిగాలి" అని గట్టిగా అన్నవాళ్ళు లేరు. ఇంజన్లు ఆగి విమానం కూలింది, పది మంది పోయారు. ఈ రెండింటి తర్వాతే క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే ట్రైనింగ్ పుట్టింది. 1981లో యునైటెడ్ మొదలుపెట్టింది. కెప్టెన్‌కి వినడం నేర్పుతారు, కిందివాళ్ళకి గట్టిగా చెప్పడం నేర్పుతారు. రెండూ నేర్పాల్సిందే, ఒకటి నేర్పితే చాలదు.

మీ మంట ప్రశ్నకి వస్తున్నా. 1989 జూలై 19న అదే యునైటెడ్ వాళ్ళ 232వ విమానానికి గాల్లో తోక ఇంజన్ పగిలి మూడు హైడ్రాలిక్ సిస్టమ్‌లూ పోయాయి. స్టీరింగ్ లేని బస్సు అనుకోండి. కెప్టెన్ ఆల్ హేన్స్ ఓటింగ్ పెట్టలేదు. కానీ ప్రయాణికుల్లో తమ కంపెనీ ట్రైనింగ్ పైలట్ ఒకాయన ఉన్నాడని తెలియగానే కాక్‌పిట్‌లోకి పిలిపించి థ్రాటిళ్ళు చేతికిచ్చాడు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ క్రూ ట్రైనింగ్ లేకపోతే ఆ మాత్రం కూడా అయ్యేది కాదని హేన్స్ తర్వాత ఎన్నో సభల్లో చెప్పాడు.

పాతఫోర్‌మన్ రాశారు:

పైలట్లు చదువుకున్నవాళ్ళు బాబూ. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి నట్టుకీ బోల్టుకీ తేడా నేనే చెప్పాలి. అయినా ఆ చివరి కథ బాగుంది.

థియేటర్‌సిస్టర్ రాశారు:

చదువుకి దీనికీ సంబంధం లేదండీ. నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని, మా దగ్గర అందరూ చదువుకున్నవాళ్ళే.

కడుపు ఆపరేషన్ అయ్యాక కుట్లు వేసేముందు గాజు ముక్కలన్నీ లెక్కపెట్టాలి (గాజు అంటే గుడ్డ, అద్దం కాదు, కొత్తవాళ్ళు కంగారుపడకండి). ఒకరోజు ఒకటి తక్కువ వచ్చింది. ఆ రోజు సర్జన్ మా హాస్పిటల్లోనే సీనియర్. "కౌంట్ తక్కువుంది సర్" అన్నాను. తల ఎత్తకుండానే "సరిగ్గా లెక్కపెట్టడం రాదా?" అన్నారు. మళ్ళీ లెక్కపెట్టాను, ఒకటి తక్కువే. అప్పటికే కుట్టడం మొదలైంది. అప్పుడు నా మనసులో ఏం నడిచిందో నిజం చెబుతా. పేషెంట్ గురించి కాదు. "నేనే తప్పు లెక్కపెట్టి ఉంటే ఈయన నన్ను ఏం చేస్తాడు" అని. మొదట్లో ట్రేలోకి పది బదులు తొమ్మిదే వచ్చాయేమో అని నాకు నేనే సర్దిచెప్పుకోవడం మొదలుపెట్టాను. ఎనస్థీషియా డాక్టరు గారు నా మొహం చూసి "సిస్టర్, ఎంత?" అని అడిగారు కాబట్టి సరిపోయింది. ఆవిడ ఆపమన్నారు. ఎక్స్-రే తీస్తే లోపలే ఉంది.

తర్వాత వేరే సర్జన్ దగ్గరా ఇలాగే ఒకటి తక్కువొచ్చింది. ఆయన చేతిలో సూది పక్కన పెట్టేసి రెండడుగులు వెనక్కి జరిగి నిలబడ్డారు. ఒక్క మాట లేదు. మేమంతా వెతికితే బకెట్ అడుగున అంటుకుని దొరికింది. అంటే పేషెంట్ లోపల లేదు, ఆయన టైమ్ ఆరు నిమిషాలు వృథా. "దొరికింది కదా, థ్యాంక్స్" అని మళ్ళీ సూది తీసుకున్నారు. ఆయన థియేటర్లో ఎవరికీ కౌంట్ చెప్పడానికి భయం లేదు. ఆ ఆరు నిమిషాల వల్లే.

రన్నింగ్‌లోకోపైలట్ రాశారు:

సిస్టర్ గారి పోస్ట్ రెండుసార్లు చదివాను. "నాకు నేనే సర్దిచెప్పుకోవడం" దగ్గర ఆగిపోయాను.

కొత్తగాచేరా రాశారు:

నాకు ఉద్యోగంలో ఎనిమిది నెలలు. మా ఇన్‌చార్జి అరవరు, నవ్వుతారు. ఏం చెప్పినా "కొత్త కదా, అలాగే అనిపిస్తుందిలే" అంటారు. అందరూ నవ్వుతారు. అరుపుకన్నా అదే కష్టంగా ఉంది నాకు. ఇలాంటి వాళ్ళకి ఎలా చెప్పాలి అన్నా?

వెనకసీటు రాశారు:

మా దగ్గర మెట్లుమెట్లుగా నేర్పిస్తారు తమ్ముడూ. ముందు ప్రశ్నలా: "సర్, ఈ ప్రెషర్ ఇలా ఎక్కడం మామూలేనా?" పట్టించుకోకపోతే ఉన్నదున్నట్టు: "సర్, లిమిట్ దాటబోతోంది, నాకు భయంగా ఉంది." అప్పటికీ వినకపోతే ఏం చేయాలో కూడా నువ్వే చెప్పాలి: "ఫీడ్ తగ్గించాలి సర్." ఆఖరి మెట్టు, నీ చేతిలో ఆపే అధికారం ఉంటే ఆపెయ్యడం. చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి "నేను చెప్పాను కదా" అనుకుంటారు. చేత్తో చూపించగలిగేది, అంకె ఉన్నది చెప్పు. "ఏదో తేడాగా ఉంది" అంటే నవ్వుతారు, "పది నిమిషాల్లో ప్రెషర్ రెండు బార్లు పెరిగింది" అంటే నవ్వడం కష్టం.

రాత్రిషిఫ్ట్ రాశారు:

లాగ్‌బుక్‌లో టైమ్ వేసి రాయి తమ్ముడూ. గొడవ పెట్టుకోవడానికి కాదు. రాసిన దాన్ని చూసి నవ్వడం కొంచెం తగ్గుతుంది.

మంచిబాస్‌బాధితుడు రాశారు:

అందరూ అరిచేవాళ్ళ మీద పడ్డారు. నేను మంచివాడి కథ చెబుతా.

మా పాత ఇన్‌చార్జి దేవుడు. సెలవు అడిగితే కాదనడు, ఆలస్యంగా వస్తే ఏమీ అనడు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటాడు. ఒక ట్యాంకు హై లెవల్ స్విచ్ (ట్యాంకు నిండబోతే ఆపేది) ఊరికే ట్రిప్ అవుతోందని బైపాస్‌లో, అంటే పనిచేయకుండా, పెట్టాం. "రేపు ఇన్‌స్ట్రుమెంట్ వాళ్ళకి చెబుతాలే" అన్నాడు. హ్యాండోవర్ రిజిస్టర్‌లో "ఎల్‌ఎస్ బైపాస్‌లో ఉంది" అని రాశాం. తర్వాతి షిఫ్ట్ అదే లైను రాసింది. దాని తర్వాతిదీ అంతే. మూడు వారాలు. తర్వాత ఆ రిజిస్టర్ పేజీలు తిరగేస్తే అరవైకి పైగా సార్లు అదే లైను, రకరకాల చేతిరాతల్లో. చివరి చివరికి "ఎల్‌ఎస్ బై." అని పొట్టిగా. ఒక రాత్రి ట్యాంకు నిండి పొర్లింది. అదృష్టం, అప్పుడు అందులో ఉన్నది కడిగిన నీళ్ళు. మర్నాడు సరుకు ఎక్కించాల్సి ఉంది.

ఆయన ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. మాకు ఇప్పటికీ ఆయనంటే ఇష్టమే, అదే కష్టం.

లెక్కలమనిషి రాశారు:

పై కథకి పరిశోధనల్లో పేరుంది: చేతులెత్తేసిన నాయకత్వం. నేను సేఫ్టీ విభాగంలో పనిచేస్తా, కాస్త చదివిన సంగతులు చెబుతా. బార్లింగ్, లఫ్లిన్, కెల్లోవే 2002లో ఒక సంగతి తేల్చారు. సూపర్‌వైజర్ భద్రత గురించి తానే ముందుండి మాట్లాడుతూ, ఎందుకో చెబుతూ, మనుషుల్ని కలుపుకుపోతే, ఆ వాతావరణం వల్ల గాయాలు తగ్గే దారి ఏర్పడుతుంది. 2006లో కెల్లోవే ఇంకో ఇద్దరితో కలిసి రెండో వైపు చూశారు. పట్టించుకోని బాస్ వల్ల ఏ లాభమూ రాకపోవడంతో ఆగదు, అది విడిగా నష్టం చేస్తుంది. కాబట్టి అరిచేవాడా, మెత్తనివాడా అన్న పోటీలో మూడో మనిషిని మర్చిపోతున్నాం.

నాకు అన్నిటికన్నా నచ్చింది డోవ్ జోహర్ చేసిన పని. 1980లోనే ఫ్యాక్టరీల్లో "భద్రతా వాతావరణం" కొలవడం మొదలుపెట్టిన మనిషి. తర్వాత 2002లో అచ్చయిన ప్రయోగంలో కార్మికులకి ఏ ట్రైనింగూ ఇవ్వలేదు. మీ సూపర్‌వైజర్ ఈ మధ్య మీతో ఏం మాట్లాడాడని కార్మికులని అడిగి, అందులో భద్రత గురించి ఎన్నిసార్లో లెక్కతీసి, ఆ అంకె వారం వారం సూపర్‌వైజర్లకే చూపించారు. అంతే. చిన్న గాయాలు తగ్గాయి, చెవి ప్లగ్గులు పెట్టుకునేవాళ్ళు పెరిగారు. ఫోర్‌మన్ గారూ, బతిమాలకుండా, అరవకుండా ప్లగ్గులు పెట్టించారు చూడండి.

ఇక రాత్రిషిఫ్ట్ గారి రివ్యూ. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు హాస్పిటల్ వార్డుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టింది, 1996లో అచ్చయింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువుంటాయని మొదలుపెడితే, బాగా కలిసి పనిచేసే టీమ్‌లలోనే ఎక్కువ కనిపించాయి. తవ్వి చూస్తే, వాళ్ళు ఎక్కువ చేయట్లేదు, ఎక్కువ చెబుతున్నారు. మీ పందొమ్మిది కథ అచ్చంగా అదే అయ్యుండొచ్చు.

తక్కువ అంకె చూసి మురిసిపోయినవాళ్ళ గతి కూడా చెప్పండి. 2005 మార్చి 23న టెక్సస్ సిటీ రిఫైనరీలో పేలుడు, 15 మంది చనిపోయారు, 180 మంది గాయపడ్డారు. తర్వాత వేసిన బేకర్ కమిటీ తేల్చిందేమిటంటే, కంపెనీ కాలు జారడం, చెయ్యి తెగడం లాంటి గాయాల లెక్క తగ్గిందని చూసుకుని ప్లాంట్ కూడా భద్రంగా ఉందనుకుంది. 2010 ఏప్రిల్ 20న సముద్రంలో ఆయిల్ తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ మీద 11 మంది పోయిన రోజు, ఏడేళ్ళు పని దినం పోయే గాయం లేదని మెచ్చుకోవడానికి పెద్దవాళ్ళు అదే రిగ్ మీద ఉన్నారు.

పందొమ్మిదిని అంకెలా తీసుకెళ్ళకండి. విడదీయండి. ఎన్ని కొత్తవి, ఎన్ని ఎప్పట్నుంచో ఉన్నవి? ఎన్ని చేసినవాళ్ళే వచ్చి చెప్పినవి? ఎన్ని సరిచేశారు, ఎన్నిరోజుల్లో?

మధ్యలోవాణ్ణి రాశారు:

నేనూ ఇన్‌చార్జినే. అరిచేవాణ్ణే. నా వైపు నుంచి ఒక మాట.

రోజూ ఉదయం పైనుంచి ఫోన్ వస్తుంది. మొదటి ప్రశ్న "ఎన్ని టన్నులు?" రెండోది "ఎందుకు తగ్గింది?" మూడో ప్రశ్న ఉండదు. ఆ ఫోన్ పెట్టేసి బయటికొచ్చిన మనిషి దగ్గరికి ఎవరైనా "సర్, పంపు ఆపాలి" అని వస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫామ్ కాలుతున్నప్పుడు (1988 జూలై 6, 167 మంది) పక్కనున్న రెండు ప్లాట్‌ఫామ్‌లు అటే వెళ్ళే లైన్లలోకి ఆయిల్, గ్యాస్ పంపుతూనే ఉన్నాయి. అక్కడి మేనేజర్లు రాక్షసులు కాదు. ఉత్పత్తి ఆపడం తమ చేతిలో పని అని వాళ్ళకి అనిపించలేదు. 1986లో ఛాలెంజర్ స్పేస్ షటిల్ పేలిపోయిన ముందు రాత్రి కూడా అంతే. చలిలో రాకెట్ అతుకుల దగ్గరి రబ్బరు ఓ-రింగ్‌లు పనిచేయవని ఇంజనీర్లు వద్దంటే, ఇంజనీర్ టోపీ తీసేసి మేనేజర్ టోపీ పెట్టుకోమని పైవాడు చెప్పాడు. ఆ చెప్పించుకున్నవాడు కూడా ఇంజనీరే.

కాబట్టి షిఫ్ట్ ఇన్‌చార్జి స్వభావం మీదే అంతా పెట్టకండి. నా పై మేనేజర్ ఒకాయన మారాక ఫోన్‌లో మొదటి ప్రశ్న "రాత్రి ఏమైనా ఆపాల్సొచ్చిందా?" అయింది. నేను అరవడం సగానికి తగ్గింది. నన్ను ఎవరూ ఏ క్లాసుకీ పంపలేదు.

పాతఫోర్‌మన్ రాశారు:

రెండురోజులుగా రాద్దామా వద్దా అనుకుంటున్నా.

చాలా ఏళ్ళ క్రితం. లిఫ్టింగ్ పని. మా కుర్రాడొకడు స్లింగ్ (బరువు కట్టి ఎత్తేది) అంచు నలిగినట్టుందన్నాడు. వెళ్ళి చూశా, మురికి అంటుకుంది అంతే. "పని ఎగ్గొట్టడానికి సాకు వెతుకుతున్నావా" అని పది మంది ముందు కడిగేశా. నేను చూసింది నిజమే, స్లింగ్‌కి ఏమీ కాలేదు. నెల తర్వాత వేరే స్లింగ్ నిజంగానే తెగింది. లోడ్ నేల నుంచి అడుగు ఎత్తులో ఉంది కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. ముక్క చేతిలోకి తీసుకుంటే తెగిన చోట సగం దాకా పాత చీలిక, తుప్పు రంగులో. ఆ రోజు దాన్ని హుక్‌కి తగిలించింది ఆ కుర్రాడే. చూడలేదా అని అడిగితే "చూశానండీ, మురికేమో అనుకున్నా" అన్నాడు.

వాణ్ణి ఏమీ అనలేకపోయా.

ఇప్పటికీ గట్టిగానే మాట్లాడతా. హుక్ వేయకపోతే అరుస్తా, అది మానను. కానీ ఎవడైనా వచ్చి "ఇది చూడండి" అంటే మాత్రం అరవను. వెళ్ళి చూస్తా. నాకు తెలిసినంతలో ఈ రెండూ వేరు.

థియేటర్‌సిస్టర్ రాశారు:

ఫోర్‌మన్ గారూ 🙏

రాత్రిషిఫ్ట్ రాశారు:

రివ్యూ అయింది. లెక్కలమనిషి గారు చెప్పినట్టే విడదీసి తీసుకెళ్ళా. పందొమ్మిదిలో పదకొండు ఏడాదికి పైగా ఉన్న సమస్యలే. విరిగిన హ్యాండిల్, చదవడానికి రాని గేజ్, చీకట్లో ఉన్న మెట్లు, ఇలాంటివి. ఆరు చేసినవాళ్ళే వచ్చి చెప్పినవి. పదమూడు సరిచేసేశారు.

పెద్ద మేనేజర్ కాగితం చూసి "ఏడాదిగా ఉంటే అప్పుడెందుకు చెప్పలేదు?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నాకు ఫ్లైట్ ఇంజనీర్ గుర్తొచ్చాడు. "చెబితే తిట్లు పడతాయని సర్" అనేశా. గొంతు వణికింది, దాచడమెందుకు. ఆయన నన్ను చూశారు, కొత్తాయన్ని చూశారు, ఏదో రాసుకున్నారు. గ్రాఫ్ తీసెయ్యలేదు గానీ, వచ్చే నెల నుంచి దాని పక్కన "ఎన్నిరోజుల్లో సరిచేశారు" అనే గీత కూడా వేయమన్నారు. నా ఉద్యోగం ఉంది.

ఇంకొకటి. పాతాయన వెళ్ళిన సెక్షన్‌లో ఈ నెల నియర్ మిస్‌లు సున్నా. వాళ్ళ బోర్డు మీద పచ్చ స్టిక్కర్ అంటించారు.

పాతఫోర్‌మన్ రాశారు:

ఆ సెక్షన్‌లో నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా తమ్ముడూ?

రాత్రిషిఫ్ట్ రాశారు:

ఒకడున్నాడన్నా. రేపు షిఫ్ట్ మారేటప్పుడు గేటు దగ్గర కలుస్తా.